హార్మోన్‌ ఒక్కటే.. మెదడు కణం వినే తీరే వేరు

ఒత్తిడి హార్మోన్‌ పేరు వినగానే దాన్ని ఎలా తగ్గించుకోవాలా అని వెతుకుతాం. నిజానికి కార్టిసాల్‌ మన శత్రువు కాదు. అది చెప్పే మాటను మెదడు కణం ఎలా వింటుందన్నదే అసలు సంగతి. సరిగా వినటానికి కణానికి తోడ్పడేవి వృద్ధి కారకాలు. వీటి గురించి కాస్త తెలుసుకుంటే అనవసర పరీక్షలకు, పొడులకు పెట్టే ఖర్చు తప్పుతుంది. అంతకన్నా ముఖ్యంగా ఒక పెద్ద ప్రమాదమూ తప్పుతుంది.

‘‘డాక్టర్‌గారూ, కార్టిసాల్‌ పరీక్ష చేయించుకున్నా. నార్మల్‌ అనే వచ్చింది. మరి నాకేమైనట్టు?’’

ఆ మధ్య మా ఆసుపత్రి ఓపీలో ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. వయసు యాభై దాటింది. అత్తగారు పక్షవాతంతో రెండేళ్లుగా మంచం మీదే ఉన్నారు. కొడుకు ఇంటర్‌ రెండో సంవత్సరం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే మళ్లీ నడుం వాల్చేది రాత్రి పదకొండు దాటాకే. అదీ మధ్యలో రెండు సార్లు లేవాల్సిందే. కొంతకాలంగా పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతున్నారు. బీరువా తాళంచెవులు ఎక్కడ పెట్టారో గుర్తుండటం లేదు. ఇది మతిమరుపు జబ్బుకు మొదలేమోనని భయం. ఫోన్‌లో ఒత్తిడి హార్మోన్‌ మీద వీడియో చూసి, ఎవరూ రాయకుండానే ల్యాబుకు వెళ్లి రక్తపరీక్ష చేయించుకున్నారు.

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. ‘‘నిన్న ఏం కూర వండానో గుర్తుండదు. మూడేళ్ల కిందట పెళ్లిలో మా ఆడపడుచు అన్న మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.’’

నవ్వుతూనే అన్నారు. కానీ ఆవిడ బాధ తీరంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అదెలాగో తెలియాలంటే ముందు ఈ హార్మోన్‌ ఏం చేస్తుందో చూడాలి.

తిట్లు తినే మంచి హార్మోన్‌

మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్‌ గ్రంథులు కార్టిసాల్‌ను తయారుచేస్తాయి. కానీ ఆజ్ఞ వచ్చేది మెదడు నుంచి. భయపడ్డా, జ్వరమొచ్చినా, ఆకలేసినా మెదడు అడుగున ఉండే హైపోథలమస్‌ ముందుగా సీఆర్‌హెచ్‌ అనే హార్మోన్‌ను వదులుతుంది. దాంతో పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్‌ను విడుదల చేస్తుంది. అది రక్తంలో ప్రయాణించి అడ్రినల్‌ గ్రంథులను తట్టిలేపుతుంది. అప్పుడు కార్టిసాల్‌ వస్తుంది. రక్తంలో గ్లూకోజును పెంచుతుంది, రక్తపోటు పడిపోకుండా కాపాడుతుంది, వాపు ప్రక్రియను అదుపులో ఉంచుతుంది.

కార్టిసాల్‌ లేకపోతే మనం బతకలేం. అడ్రినల్‌ గ్రంథులు దెబ్బతిన్నవారికి మేం దాన్ని మాత్రల రూపంలో ఇచ్చి ప్రాణం నిలబెడతాం. ఆరోగ్యవంతుల్లోనూ ఇది రోజంతా ఒకేలా ఉండదు. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు బాగా పెరుగుతుంది. క్రమంగా తగ్గుతూ అర్ధరాత్రి సమయానికి అట్టడుగుకు చేరుకుంటుంది. అందుకే ఏదో ఒక వేళ ఒక్కసారి రక్తం తీసి చూస్తే మీ ‘ఒత్తిడి’ ఎంతో తెలియదు. కార్టిసాల్‌ పరీక్షలు అడ్రినల్‌, పిట్యూటరీ గ్రంథుల జబ్బులను పట్టుకోవటానికి. మనసు భారాన్ని తూచటానికి కాదు.

పని అయ్యాక దీన్ని ఆపేదెవరు? ఇక్కడా మెదడే. 1968లో న్యూయార్క్‌ శాస్త్రవేత్త బ్రూస్‌ మెక్‌ఎవెన్‌ బృందం ఎలుకల్లో ఒక ఆసక్తికరమైన విషయాన్ని కనుగొంది. అడ్రినల్‌ గ్రంథుల నుంచి వచ్చే ఒత్తిడి హార్మోన్‌ మెదడులో హిప్పోక్యాంపస్‌ అనే భాగంలో బాగా పట్టి ఉంటోందని తేలింది. చెవుల పైభాగాన, కాస్త లోపలగా, రెండు వైపులా ఉండే భాగమిది. కొత్త జ్ఞాపకాలు రూపుదిద్దుకునేది ఇక్కడే. ‘హార్మోన్‌ వచ్చింది, ఇక చాలు’ అని హైపోథలమస్‌కు చెప్పి బ్రేకు వేయించటంలోనూ దీనిది ముఖ్యమైన పాత్ర. అంటే జ్ఞాపకాలను దాచేదీ, ఒత్తిడికి బ్రేకు వేసేదీ ఒకే చోటు. ఇది దెబ్బతింటే రెండూ సడలుతాయి.

వృద్ధి కారకాల కథ

ఇప్పుడు కథలోకి వృద్ధి కారకాలు వస్తాయి. పేరుకు తగ్గట్టే ఇవి కణాలు ఎదగటానికి, బతికి ఉండటానికి తోడ్పడే ప్రొటీన్లు.

వీటిలో నాడీకణాలకు సంబంధించిన మొదటిదాన్ని కనుగొన్న ఘనత రీటా లెవీ-మాంటాల్చినీది. ఇటలీలో యూదులపై ఆంక్షలు విధించిన రోజుల్లో ఆమెకు విశ్వవిద్యాలయంలో చోటు లేకుండా పోయింది. ఆమె తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకుని కోడిగుడ్లలోని పిండాల మీద పరిశోధన సాగించారు. తర్వాత అమెరికాలో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నాడుల వృద్ధి కారకాన్ని వెలుగులోకి తెచ్చారు. 1986లో ఇద్దరికీ నోబెల్‌ బహుమతి దక్కింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1982లో, ఈవ్‌ బార్డ్‌, హన్స్‌ థోనెన్‌ బృందం పంది మెదడు నుంచి మరో కారకాన్ని వేరుచేసింది. దాని పేరు బీడీఎన్‌ఎఫ్‌. మెదడు నుంచి వచ్చే నాడీపోషక కారకమని అర్థం. మన కథకు ముఖ్యమైనది ఇదే.

బీడీఎన్‌ఎఫ్‌ను పొలానికి వేసే ఎరువుతో పోల్చొచ్చు. నాడీకణాలకు చెట్టు కొమ్మల్లా శాఖలుంటాయి. వాటి మీద మొగ్గల్లాంటి చిన్న బుడిపెలుంటాయి. ఒక కణం మరో కణంతో చేతులు కలిపేది ఎక్కువగా ఈ బుడిపెల దగ్గరే. మనం కొత్త పాట నేర్చుకున్నా, కొత్త వీధి గుర్తుపెట్టుకున్నా ఈ కలయికలు మారతాయి. వాటిని బలపరచేది బీడీఎన్‌ఎఫ్‌. కణం ఎంత చురుగ్గా పనిచేస్తే ఇది అంత ఎక్కువగా తయారవుతుంది. నీళ్లు పారిన మడిలోనే ఎరువూ పడుతుందన్నమాట.

ఒకే ఫైలు.. రెండు ముద్రలు

కార్టిసాల్‌కు, బీడీఎన్‌ఎఫ్‌కు కణంలో ఎక్కడ ముడిపడుతుంది? దీన్ని ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు కదిలే తీరుతో పోల్చి చెబుతాను. అది మనందరికీ తెలిసిందే కదా.

కార్టిసాల్‌ కొవ్వులో కరిగే హార్మోన్‌. అందుకే కణం గోడను దాటుకుని నేరుగా లోపలికి వచ్చేస్తుంది. లోపల దాని కోసం ఒక గ్రాహకం కాచుకుని ఉంటుంది. ఇది ఫైలు మోసుకెళ్లే ఉద్యోగిలాంటిది. కార్టిసాల్‌ అతుక్కోగానే గ్రాహకం కణం మధ్యలోని కేంద్రకంలోకి వెళుతుంది. అక్కడ డీఎన్‌ఏ మీద కూర్చుని కొన్ని జన్యువులను పనిచేయిస్తుంది, కొన్నింటిని ఆపుతుంది.

బీడీఎన్‌ఎఫ్‌ పద్ధతి వేరు. అది కణం లోపలికి వచ్చి ఆజ్ఞ ఇవ్వదు. కణం గోడ మీదున్న ట్రాక్‌-బి అనే గ్రాహకాన్ని బయటి నుంచే తడుతుంది. దాంతో లోపల కొన్ని ఎంజైమ్‌లు ఒకదాన్నొకటి మేల్కొలుపుతాయి. అవి వెళ్లి కార్టిసాల్‌ గ్రాహకం మీద నిర్ణీతమైన రెండు చోట్ల ఫాస్ఫేట్‌ అనే చిన్న రసాయన ముద్ర వేస్తాయి. న్యూయార్క్‌ విశ్వవిద్యాలయంలో మోజెస్‌ చావో తదితరులు 2013లో దీన్ని వివరంగా చూపించారు. ముద్రలు పడిన గ్రాహకం, పడని గ్రాహకం కేంద్రకంలో ఒకే రకంగా పనిచేయవు. అవి ప్రభావం చూపే జన్యువుల జాబితానే మారిపోతుంది. ఫైలు అదే, ఆజ్ఞ అదే. కానీ దాని మీద ఏ సంతకాలున్నాయన్న దాన్ని బట్టి అది వెళ్లే సీటు మారిపోతుంది.

మరి ముద్రలు పడకపోతే? 2015లో ఇదే పరిశోధకులు, ఫ్రాన్స్‌లోని ఫ్రెడీ జానతో బృందంతో కలిసి ఎలుకల్లో ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. ఆ రెండు చోట్లా ముద్ర పడకుండా గ్రాహకాన్ని మార్చి చూశారు. ఒత్తిడికి తగ్గట్టు తమ కలయికలను మార్చుకునే శక్తి నాడీకణాల్లో దెబ్బతింది. కుంగుబాటు మందు ఇచ్చినా దాని ఫలితం సరిగా కనిపించలేదు. అంటే బీడీఎన్‌ఎఫ్‌ తోడున్నప్పుడు కార్టిసాల్‌ మాట ‘సర్దుకో, నేర్చుకో’ అన్నట్టు పనిచేస్తుంది. తోడు కొరవడినప్పుడు అదే మాటకు కణం సరిగా స్పందించలేదు.

ఓపీలో ఆవిడ అడిగిన ప్రశ్నకు ఇక్కడ సగం జవాబుంది. రక్తంలో హార్మోన్‌ ఎంతుందో ల్యాబు చెప్పగలదు. కణం దాన్ని ఎలా వింటోందో ఏ ల్యాబూ చెప్పలేదు.

ఎరువు ఒకచోట తక్కువ, మరోచోట ఎక్కువ

మిగతా సగం జవాబు మన బెంగళూరు నుంచి వచ్చింది. అక్కడి జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలో సుమంత్ర చటర్జీ బృందం 2002లో ఒక పరిశోధన ప్రచురించింది. రోజుల తరబడి ఒత్తిడికి గురైన ఎలుకల మెదడులో రెండు భాగాలను పోల్చి చూసింది. హిప్పోక్యాంపస్‌లో ఒక రకం నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. భయాన్ని, కోపాన్ని, అవమానాన్ని పట్టి ఉంచే అమిగ్డలాలో మాత్రం కొమ్మలు ఇంకా విస్తరించాయి! ఆ తర్వాత 2012లో ఇదే బృందం బీడీఎన్‌ఎఫ్‌ను కొలిచి చూసింది. దీర్ఘకాల ఒత్తిడిలో అది హిప్పోక్యాంపస్‌లో తగ్గింది, అమిగ్డలాలో పెరిగింది.

ఎలుకల్లో చూసినదంతా మనుషుల్లో అచ్చంగా అలాగే జరుగుతుందని చెప్పలేం. కానీ ఓపీలో మేం రోజూ వినే మాటలకు ఇది బాగా సరిపోతుంది. నిన్నటి కూర గుర్తుండదు, మూడేళ్ల కిందటి మాట మరుపురాదు. ఇది మనసు చిన్నదవటం వల్ల కాదు. ‘చిన్న విషయాన్ని పట్టుకుని సాగదీస్తావు’ అని ఇంట్లోవాళ్లు నిష్ఠూరమాడుతుంటారు. అలా అనే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోండి.

ఇంకో మెలిక కూడా ఉంది. బీడీఎన్‌ఎఫ్‌ అంతటా మంచే చేస్తుందని అనుకోవద్దు. హైపోథలమస్‌లో అది సీఆర్‌హెచ్‌ తయారీని ఎగదోస్తుంది. కార్టిసాల్‌ అదే చోట దాన్ని కిందికి లాగుతుంది. ఆ రెండింటి మధ్య తూకం ఉంటేనే వ్యవస్థ నిలకడగా ఉంటుంది. అందుకే ‘బీడీఎన్‌ఎఫ్‌ను పెంచే మాత్ర’ అని ఎవరైనా అమ్ముతుంటే నమ్మకండి. పైగా అది ప్రొటీన్‌. మింగితే పప్పులో ప్రొటీన్‌లాగే కడుపులో జీర్ణమైపోతుంది. నాడులు క్షీణించే ఒక జబ్బుకు 1990ల్లో దీన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి పెద్దఎత్తున పరీక్షించినా ఆశించిన ప్రయోజనం దక్కలేదు. రక్తంలో దీని మోతాదు చూపించే పరీక్షతోనూ మీకు ఒరిగేదేమీ లేదు. రక్తంలోని బీడీఎన్‌ఎఫ్‌ చాలావరకు ప్లేట్‌లెట్‌ కణాల్లో దాగి ఉండేదే. అది మెదడులో ఎక్కడ ఎంతుందో చెప్పదు.

ఒత్తిడి ఎక్కువకాలం సాగితే ఒక విషవలయం మొదలవుతుంది. హిప్పోక్యాంపస్‌లో బీడీఎన్‌ఎఫ్‌ తగ్గుతుంది. కణాలు కార్టిసాల్‌ మాటను సరిగా అందుకోలేవు. కొమ్మలు ముడుచుకుంటాయి. బ్రేకు సడలుతుంది. బ్రేకు సడలితే హార్మోన్‌ ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. అది మళ్లీ బీడీఎన్‌ఎఫ్‌ను తగ్గిస్తుంది.

పొట్లంలో దాగిన ఒత్తిడి

ఇంతవరకూ చెప్పింది శరీరం తయారుచేసే హార్మోన్‌ గురించి. ఇప్పుడు చెప్పేది మనం చేతులారా మింగే హార్మోన్‌ గురించి. ఈ వ్యాసం రాయటానికి అసలు కారణం ఇదే.

డెక్సామెథసోన్‌, బీటామెథసోన్‌, ప్రెడ్నిసొలోన్‌ వంటి స్టిరాయిడ్‌ మందులు కార్టిసాల్‌కు దగ్గరి చుట్టాలు. కణంలో అదే గ్రాహకానికి అతుక్కుంటాయి. డెక్సామెథసోన్‌ శక్తి సహజ కార్టిసాల్‌కు సుమారు 25 రెట్లు. ఉబ్బసం, కీళ్లవాతం, లూపస్‌ వంటి జబ్బుల్లో ఇవి ప్రాణాధారం. కానీ మోకాళ్ల నొప్పులకు, ఒళ్లు నొప్పులకు, ‘ఒళ్లు చేయటానికి’ చీటీ లేకుండానే ఇవి చేతులు మారుతుంటాయి. కొన్ని పొట్లాల మందుల్లో, పేరు లేని పొడుల్లో వీటిని కలపటమూ కద్దు. వేసుకున్న మర్నాటికే నొప్పి మాయమవుతుంది, ఆకలి పెరుగుతుంది, ఉత్సాహం వస్తుంది. ఇక ఆ మందును ఎవరు మానతారు?

ఒక రైతును ఆయన కొడుకు తీసుకొచ్చారు. అరవై ఏళ్ల మనిషి. ఆరేడు నెలలుగా రాత్రిళ్లు నిద్ర లేదు. ఉన్నట్టుండి అరుస్తారు, కాసేపటికే కంటతడి పెడతారు. ఎరువుల కొట్టులో లెక్క తప్పుతున్నారు. ‘‘నాన్న అలాంటి మనిషి కాదు సార్‌, ఎవరైనా ఏమైనా చేశారేమో’’ అన్నాడు కొడుకు. చూస్తే ముఖం గుండ్రంగా ఉబ్బింది. కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి. పొట్ట పెరిగింది. చర్మం పల్చబడి ఎక్కడ తగిలినా నల్లగా కములుతోంది. రక్తంలో గ్లూకోజు మూడొందలకు పైన ఉంది. ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఏమీ లేవన్నారు. మోకాళ్ల నొప్పికేమైనా అని గుచ్చి అడిగితే, చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశారు. అందులో రెండు చిన్న తెల్ల మాత్రలు. ఏడాదిగా రోజూ వేసుకుంటున్నారు.

ఎవరూ ఏమీ చేయలేదు. ఆ మాత్రలే చేశాయి. గ్రాహకాలు రాత్రీ పగలూ తేడా లేకుండా ఆజ్ఞలతో మునిగిపోతే మెదడు కణం ఎంతకని తట్టుకుంటుంది?

శరీరమే కార్టిసాల్‌ను అతిగా తయారుచేసే కుషింగ్స్‌ జబ్బులో దీనికి రుజువుంది. అమెరికాలో మోనికా స్టార్క్‌మన్‌ బృందం 1992లో ఈ జబ్బున్నవారి హిప్పోక్యాంపస్‌ను కొలిచింది. హార్మోన్‌ ఎక్కువగా ఉన్నవారిలో అది చిన్నగా, జ్ఞాపకశక్తి తక్కువగా కనిపించాయి. చికిత్స చేసి హార్మోన్‌ను అదుపులోకి తెచ్చాక మళ్లీ చూస్తే హిప్పోక్యాంపస్‌ పరిమాణం పెరిగింది. 1999లో వెలువడిన ఈ ఫలితం మాలాంటి వైద్యులకు ఎంతో ఊరట. ముడుచుకున్న కొమ్మలు మళ్లీ చిగురించే అవకాశముంది.

అయితే ఒక హెచ్చరిక. ఇది చదివి మీ ఇంట్లో ఎవరైనా వాడుతున్న స్టిరాయిడ్‌ మాత్రలను ఈ రాత్రే ఆపేయకండి. వారాల తరబడి బయటి నుంచి హార్మోన్‌ వస్తుంటే అడ్రినల్‌ గ్రంథులు నిద్రపోతాయి. మందును ఒక్కసారిగా మానేస్తే అవి వెంటనే లేవలేవు. వాంతులు, విపరీతమైన నీరసం, రక్తపోటు పడిపోవటం, స్పృహ తప్పటం వంటివి మొదలై ప్రాణం మీదికి రావొచ్చు. వైద్యుల పర్యవేక్షణలో మోతాదును మెల్లమెల్లగా తగ్గించాలి. ఆ రైతుకూ అలాగే చేశాం. నెలలు పట్టింది. నిద్ర ముందుగా కుదుటపడింది. కోపం తర్వాత తగ్గింది. లెక్కలు అన్నింటికన్నా ఆలస్యంగా గాడిన పడ్డాయి.

ఉబ్బసానికి పీల్చుకునే మందుల గురించి చాలామంది అడుగుతుంటారు. వాటిలో స్టిరాయిడ్‌ మోతాదు చాలా తక్కువ. ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. భయపడి మానేస్తే ఆయాసంతో ఆసుపత్రికి రావాల్సి వస్తుంది. వైద్యులు చెప్పినట్టు కొనసాగించండి.

కణానికి తోడు ఎలా దొరుకుతుంది?

ఒత్తిడి లేని జీవితం కావాలంటే కుదిరే పని కాదు. అత్తగారి జబ్బు ఉంటుంది, పిల్లల పరీక్షలు ఉంటాయి, ఈఎంఐలు ఉంటాయి. మన చేతిలో ఉన్నది కణానికి తోడు తగ్గకుండా చూసుకోవటం.

నడక: అన్నింటికన్నా మంచి ఆధారమున్నది దీనికే. అమెరికాలో 55 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 120 మందితో ఏడాది పాటు ఒక అధ్యయనం చేశారు. సగం మంది వారానికి మూడు రోజులు నడిచారు. పది నిమిషాలతో మొదలుపెట్టి నలభై నిమిషాల వరకూ పెంచుకుంటూ వెళ్లారు. మిగతా సగం మంది ఒళ్లు సాగదీసే తేలికపాటి వ్యాయామాలు చేశారు. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం.. నడిచినవారిలో హిప్పోక్యాంపస్‌ సుమారు 2 శాతం పెరిగింది. రెండో బృందంలో సుమారు 1.4 శాతం తగ్గింది. నడిచినవారిలో బీడీఎన్‌ఎఫ్‌ ఎంత పెరిగితే హిప్పోక్యాంపస్‌ పెరుగుదల అంత ఎక్కువగా కనిపించింది. తర్వాత వచ్చిన అన్ని అధ్యయనాల్లోనూ ఫలితం ఇంత స్పష్టంగా రాలేదన్నదీ నిజమే. అయినా గుండెకు, షుగరుకు, నిద్రకు కూడా మేలుచేసే పని కాబట్టి నడకకు వంక పెట్టటానికేమీ లేదు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం ఉంటే చాలు.

నిద్ర, వేళలు: చిట్టెలుకలు కొత్త పని నేర్చుకుంటున్నప్పుడు శాస్త్రవేత్తలు వాటి మెదడును గమనించారు. ఒత్తిడి హార్మోన్‌ పెరిగిన వేళ కణాల మధ్య కొత్త కలయికలు మొలిచాయి. తగ్గిన వేళ అవి నిలదొక్కుకున్నాయి. 2013లో వెల్లడైన ఈ సంగతి మనకో పాఠం. హార్మోన్‌కు ఎక్కటమూ కావాలి, దిగటమూ కావాలి. రాత్రి రెండింటి వరకూ చదివించి, ఆరింటికే లేపితే పిల్లలకు ఆ దిగే సమయమే దొరకదు. చదివింది నిలవాలంటే పుస్తకం మూసే వేళ కూడా చదువులో భాగమే. రోజూ ఒకే వేళకు పడుకోవటం, లేవటం అలవాటు చేయండి.

చిన్నపిల్లలకు దగ్గరితనం: కెనడాలో మైఖేల్‌ మీనీ బృందం తల్లి ఎలుకలను గమనించింది. పుట్టిన తొలి వారంలో పిల్లలను ఎక్కువగా నాకే తల్లుల దగ్గర పెరిగిన ఎలుకల హిప్పోక్యాంపస్‌లో ఒత్తిడి హార్మోన్‌ గ్రాహకాలు ఎక్కువగా ఉన్నాయి. పెద్దయ్యాక అవి ఒత్తిడి నుంచి త్వరగా తేరుకున్నాయి. ఆ గ్రాహకం జన్యువును తెరిపించే ప్రొటీన్లలో ఒకదాన్ని మొదట గుర్తించింది నాడుల వృద్ధి కారకం ప్రభావంతో పుట్టేదిగానే! పసిబిడ్డను ఎత్తుకుంటే ‘చేతులకు అలవాటవుతుంది’ అనే పెద్దలకు ఈ మాట చెప్పండి. పనికి వెళ్లే తల్లులు దీన్ని చదివి నొచ్చుకోవద్దు. తండ్రి చేతులు, అమ్మమ్మ ఒడి కూడా బిడ్డకు ఆసరానే.

కుంగుబాటుకు చికిత్స: కుంగుబాటు మందులంటే మత్తు బిళ్లలనే అపోహ ఇంకా పోలేదు. ఫిన్లాండ్‌కు చెందిన ఈరో కాస్ట్రేన్‌ బృందం 2021లో ఒక కొత్త విషయాన్ని వెల్లడించింది. వివిధ రకాల కుంగుబాటు మందులు నేరుగా ట్రాక్‌-బి గ్రాహకానికే అతుక్కుంటున్నాయని, బీడీఎన్‌ఎఫ్‌ పనిని సులభం చేస్తున్నాయని చూపించింది. ఈ మందులు గుణమివ్వటానికి వారాలు పట్టటానికి ఇదొక కారణం కావొచ్చు. కణం కొత్త కొమ్మ వేయటానికి సమయం పడుతుంది కదా. అందుకే నాలుగు రోజులు వేసుకుని ‘పనిచేయలేదు’ అని మానేయొద్దు. గుణం కనబడింది కదా అని మీ అంతట మీరే ఆపేయనూ వద్దు.

ఎప్పుడు వైద్యులను కలవాలి?

మతిమరుపు ఉందంటే వెంటనే ఒత్తిడి మీదికి నెట్టేయకండి. థైరాయిడ్‌ లోపం, విటమిన్‌ బి12 లోపం, రక్తహీనత, అదుపులో లేని షుగరు, గురకతో నిద్ర చెడటం.. ఇవన్నీ మతిమరుపు తెచ్చేవే, చాలావరకు సరిచేయదగ్గవే. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ వీటికి చికిత్స దొరుకుతుంది.

రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవటం, నిద్ర, ఆకలి మారిపోవటం, బతుకు మీద విరక్తి కలగటం వంటివి ఉంటే ఆలస్యం చేయొద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తే అదే రోజు ఇంట్లోవారికి చెప్పండి, ఆసుపత్రికి వెళ్లండి. కేంద్ర ప్రభుత్వ టెలీమానస్‌ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ముఖం గుండ్రంగా మారి, పొట్ట మీద ఊదారంగు వెడల్పాటి చారలు వచ్చి, కూర్చుంటే లేవటానికి తొడల్లో బలం చాలకపోతే కార్టిసాల్‌ పరీక్ష నిజంగానే అవసరం కావొచ్చు. అది ఎప్పుడు, ఎలా చేయాలో వైద్యులు చెబుతారు. వచ్చేటప్పుడు మీరు వాడే మందులన్నీ తీసుకురండి. పేరులేని పొట్లాలు కూడా. మేం కోప్పడతామని దాచొద్దు. మాకు కావాల్సింది ఆ పొట్లమే.

ఇంతకీ ఆవిడకు ఏమైంది? పరీక్షల్లో బి12 కాస్త తక్కువగా ఉంది. దాంతో పాటు కుంగుబాటు ఉంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడా చెప్పలేదు. రెండింటికీ మందులిచ్చాం. కానీ నేను ఆవిడ భర్తను లోపలికి పిలిచి రాసిన చీటీ వేరు. సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు అమ్మ దగ్గర ఆయన కూర్చోవాలి. ఆ గంటలో ఆవిడ నడకకు వెళ్లాలి. రాత్రి లేవటం ఒకరోజు ఆయన, ఒకరోజు ఆవిడ. ‘‘ఇది కూడా మందేనా సార్‌?’’ అని ఆయన అడిగారు. మందేనని చెప్పాను.

నాలుగు నెలల తర్వాత ఇద్దరూ వచ్చారు. పాలు పొంగిపోవటం దాదాపుగా ఆగిపోయిందట. ఆడపడుచు మాట ఇంకా గుర్తుందా అని అడిగాను. ‘‘గుర్తుంది కానీ, మొన్న ఆమే ఫోన్‌ చేస్తే అరగంట మాట్లాడా’’ అన్నారు.

మీ ఇంట్లోనూ అలసిపోయిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. వారికి పరీక్ష రాయించే ముందు రోజుకో గంట విడిపించండి. తలనొప్పి మాత్రల డబ్బాలో, కాళ్లనొప్పుల పొట్లాల్లో ఏమున్నాయో ఈ ఆదివారమే ఒకసారి చూడండి.